చెయ్యి దాటే మొత్తం: కష్టకాలంలో ఫాస్ట్‌ఫుడ్ బండి లెక్క

(ఒంగోలులో డిగ్రీ అర్థశాస్త్ర విద్యార్థులకూ, తినుబండారాల బండ్లు నడిపేవాళ్లకూ కలిపి జరిగిన సదస్సులో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో పిల్లలున్నారు, వెనక వరసల్లో బండ్ల వాళ్లున్నారు. ఇట్లాంటి సభల్లో మామూలుగా పుస్తకం ముందు నడుస్తుంది, బండి వెనక వస్తుంది. ఇవాళ బండినే ముందుకు తెద్దాం. వెనక వరసల వాళ్లు ఆరున్నరకల్లా పొయ్యి వెలిగించుకోవాలి గదా.

ప్రశ్న ఇది. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో కూడా జనం ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గరికి ఎందుకొస్తారు? 2025 మన జిల్లాలకు మంచి ఏడాది కాదు. నల్ల బర్లీ పొగాకు అడిగే నాథుడు లేక చివరికి సహకార సంస్థ మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కేసరికి నెల్లూరు వైపు వనామి రొయ్యల చెరువుల గట్ల మీద బేరాలు చల్లబడ్డాయి. అయినా కర్నూలు రోడ్డులో గానీ, నెల్లూరు మినీ బైపాస్‌లో గానీ, రాత్రి ఎనిమిదింటికి బండి చుట్టూ మోటార్‌సైకిళ్లు ఆగే ఉంటాయి. దీనికి ఇళ్లల్లో పెద్దవాళ్ల జవాబు ఒకటే: "ఒళ్లొంగక." పత్రికల్లో జవాబు: "యువత జీవనశైలి." రెండూ లెక్క చేసి చెప్పిన జవాబులు కావు.

లెక్క చేస్తే కనబడేది ఇది. డబ్బు బిగిసినప్పుడు మనిషి వస్తువు ధర కంటే ముందు, ఒక్కసారిగా చెయ్యి దాటే మొత్తం ఎంత అని చూస్తాడు. ధర వేరు, ఈ మొత్తం వేరు. ఈ తేడా పట్టుకుంటే బండి దగ్గర రద్దీ అర్థమవుతుంది, బండి నడిపేవాడి ఇబ్బందీ అర్థమవుతుంది.

ఎగ్ ఫ్రైడ్‌రైస్ తీసుకుందాం. ఇంట్లో నలుగురు. ఇంట్లోనే చేస్తే ఎంత? నేను చెప్పే ధరలు లెక్క తెలియడానికి వేసుకున్నవి. మీ వీధిలో రెండు మూడు రూపాయలు అటూ ఇటూ ఉంటాయి. మనిషికి 120 గ్రాముల బియ్యం, నలుగురికి అరకిలోకి కాస్త తక్కువ, 24 రూపాయలు. మనిషికి రెండు గుడ్లు, ఎనిమిది గుడ్లు 48. నూనె 60 మిల్లీలీటర్లు, 8 రూపాయలు. క్యాబేజీ, క్యారెట్, బీన్స్, ఉల్లికాడలు వాడినంత మేరకు 15. సోయాసాస్, చిల్లీసాస్, వెనిగర్ వాడినంత మేరకు 8. గ్యాసు 8. మొత్తం 111 రూపాయలు. బండి దగ్గర ప్లేటు 70 చొప్పున నాలుగు ప్లేట్లు 280. ఇంట్లో చేస్తే నూటడెబ్బై మిగులు. పుస్తకం ఇక్కడే ఆగిపోయి "అవివేకం" అంటుంది.

ఇప్పుడు అదే వంటకు సాయంత్రం అంగడికి పోయిన మనిషి జేబులోంచి ఎంత పోతుందో చూడండి. సోయాసాస్ నాలుగు చెంచాలు అమ్మరు, సీసా అమ్ముతారు. మూడు సీసాలు కలిపి 150. క్యాబేజీ పావు ముక్క ఇవ్వరు, పువ్వు మొత్తం కొనాలి, 25. పావుకిలో క్యారెట్ 15, పావుకిలో బీన్స్ 20, ఉల్లికాడల కట్ట 10. గుడ్లు 48. బియ్యం, నూనె ఇంట్లో ఉన్నాయనే అనుకుందాం. 268 రూపాయలు! వంట ఖరీదు 111, చెయ్యి దాటింది 268. బండి దగ్గర నాలుగు ప్లేట్లకు పోయేది 280. పన్నెండు రూపాయల తేడాకు గంటసేపు తరగడం, వండటం, గిన్నెలు తోమడం. మిగిలిన సాస్ ఫ్రిజ్ తలుపులో ఆరు నెలలుండి ఎండిపోతుంది. మిగిలిన క్యాబేజీ మూడోరోజుకు వాసనొస్తుంది. రెండోసారి, మూడోసారి చేసుకుంటే ఇంటివంటే చౌక, అందులో వాదన లేదు. కానీ మొదటిసారికి అయ్యే మొత్తం జేబులో ఉన్న వాడికే ఆ చౌకదనం దక్కుతుంది.

గ్యాసు సంగతి ఇంకా గట్టి ఉదాహరణ. రాష్ట్రంలో దీపం-2 కింద 2024 నవంబరు నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. పథకం మొదలైన పద్ధతి ఏంటి? ముందు సిలిండరుకు పూర్తి డబ్బు కట్టాలి, తర్వాత ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడేది. అంటే ఉచిత సిలిండరు దించుకోవాలన్నా ఆ రోజుకు తొమ్మిది వందలకు దగ్గరగా చేతిలో ఉండాల్సి వచ్చింది. నెలాఖరున బండ (మన ఊళ్లల్లో సిలిండర్ని బండ అనే అంటారు) అయిపోయిన ఇంట్లో ఆ రెండు మూడు రోజులు పొయ్యి ఎట్లా నడుస్తుంది? ఉదయం ఇడ్లీ బండి, రాత్రి ఫాస్ట్‌ఫుడ్ బండి. తొమ్మిది వందలు లేని చేతిలో రెండు ప్లేట్లకు సరిపడా నూట నలభై ఉంటుంది. రూములు తీసుకుని చదువుకునే పిల్లలైతే 14.2 కిలోల బండ ఊసే ఎత్తరు. 5 కిలోల చిన్న సిలిండరో, కరెంటు కుక్కరో.

ఇంకో మాట. నాలుగు ప్లేట్లు 280 అన్నాను గానీ, డబ్బు బిగిసిన ఇల్లు నాలుగు ప్లేట్లు కొనదు. ఒక గోబీ మంచూరియానో, ఒక చిల్లీచికెనో పార్సిలు కట్టించుకుంటుంది. ఇంట్లో అన్నం ఉంటుంది, మధ్యాహ్నం చారు ఉంటుంది. ఆ ఒక్క పొట్లం నలుగురికీ కూర అవుతుంది. బండివాడి దృష్టిలో అది ఒక ప్లేటు, ఇంటి దృష్టిలో అది కూర. ఈ తేడా గమనించని సర్వేలు "బయటి తిండి పెరిగింది" అని రాసుకుంటాయి. రేషను బియ్యం కేంద్ర పథకం కింద 2023 జనవరి నుంచి తలకు నెలకు 5 కిలోలు ఉచితం. బియ్యానికి ఖర్చు పడిపోయిన ఇంట్లో అసలు ఖర్చు కూరదే.

అందుకే మన దగ్గర కరువు కాలపు ఫాస్ట్‌ఫుడ్ ఏదని నన్నడిగితే నూడిల్స్ బండి కంటే ముందు కర్రీ పాయింట్ పేరు చెబుతాను. అన్నం ఇంట్లో, కూర పొట్లంలో. దేశంలో వేరేచోట్ల ఈ ఏర్పాటు ఇంత విరివిగా కనబడదు. దాని లెక్క చూడండి. ఇద్దరికి టమాటా పప్పు ఇంట్లో చేస్తే కందిపప్పు 100 గ్రాములు 14, టమాటాలు 5, నూనె, పోపు, మిరపకాయలు 6, గ్యాసు 5. ముప్పై రూపాయలు. కర్రీ పాయింట్‌లో పొట్లం పాతిక, ముప్పై. సమానం! వాడికెట్లా గిట్టుతుంది? నలభై పొట్లాల పప్పుకు ఒకటే కుక్కరు, ఒకటే పోపు, ఒకే మనిషి. అదీగాక పొట్లంలో పప్పు పలచన, నీళ్లు ఎక్కువ. నలుగురున్న ఇంటికి మాత్రం రెండు పొట్లాలు అరవై, ఇంటివంట యాభై. నలుగురుంటే చాలు, ఇంటివంటే గెలుస్తుంది. అందుకే కర్రీ పాయింట్ ముందు నిలబడేవాళ్లలో ఒంటరి ఉద్యోగులు, పిల్లలు దూరాన ఉన్న ముసలి దంపతులు ఎక్కువ. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో మేలురకం టమాటా కిలో 150 దాటినప్పుడు ఇంటివంట ఖరీదు వెంటనే ఎక్కింది. పొట్లం ధర ఎక్కదు, లోపల టమాటా తగ్గి చింతపండు పెరుగుతుంది. కొనేవాడి నాలుక కనిపెడుతుంది, జేబు మాత్రం కనిపెట్టదు. ఆ నెలల్లో మెక్‌డొనాల్డ్స్ వాళ్లే మన దేశంలో చాలాచోట్ల బర్గర్లలో టమాటా మానేశారు.

డబ్బు తర్వాత, టైము. గ్యారీ బెకర్ అనే ఆర్థికవేత్త 1965లో ఒక ముఖ్యమైన వ్యాసం రాశాడు. ఇల్లు కూడా ఒక చిన్న కర్మాగారమే, సరుకుతో పాటు సమయం కూడా దాని ముడిసరుకే అన్నాడు. ఈ మాట మన దగ్గర పెట్టి చూడండి. భర్తకు గ్రానైటు పని తగ్గింది. చీమకుర్తి క్వారీలో నెలకు పన్నెండు రోజులే పిలుస్తున్నారు. అప్పుడు ఇంట్లో ఆడమనిషి పొగాకు గ్రేడింగ్‌కో, రొయ్యల ప్లాంటుకో పోతుంది. అంటే ఆదాయం పడిపోయిన ఇంట్లో పనిగంటలు పెరుగుతాయి. రాత్రి ఏడున్నరకు షేర్ ఆటో దిగిన మనిషి అప్పుడు కూరగాయలు కొని, తరిగి, వండాలంటే తొమ్మిదిన్నర. ఆ రెండు గంటల ఖరీదు పెద్దవాళ్ల "ఒళ్లొంగక" అన్న మాటలో ఎక్కడా లేదు. వంట భారం మగవాళ్లకూ సగం పడి ఉంటే ఆ మాట పుట్టేది కాదని నా అనుమానం. (నవ్వులు)

ఇక రుచి. కష్టంలో ఉన్నవాడు చౌకైన తిండే తింటాడని మనం అనుకుంటాం. 1983 నాటి మహారాష్ట్ర లెక్కల మీద ఆర్థికవేత్తలు సుబ్రమణియన్, డీటన్ చేసిన పరిశోధన 1996లో వచ్చింది. అక్కడి పేదలకు రూపాయికి ఎక్కువ కేలరీలిచ్చేవి జొన్న, సజ్జ. అయినా అట్టడుగు ఇళ్లు కూడా ధాన్యపు ఖర్చులో దాదాపు 30 శాతం వరికీ గోధుమకీ పెట్టాయి. కేలరీ లెక్కన అవి రెట్టింపు ఖరీదు. మొత్తం ఖర్చులో దాదాపు 7 శాతం చక్కెరకు పోయింది. మన కనిగిరి, పామూరు మెట్ట ఊళ్లల్లో జొన్నన్నం, సజ్జసంకటి పోయి వరన్నం వచ్చిన కథ ఇదే. కడుపు నిండటం ఒక లెక్క, తిన్నట్టుండటం మరో లెక్క. నెలంతా చారూ పచ్చడీ తిన్న నాలుకకు డెబ్బై రూపాయల్లో గుడ్డు, నూనె, ఉప్పు, పులుపు, మంట, అయిదూ ఒకేసారి దొరికే చోటు బండి ఒక్కటే.

పిల్లలు అడుగుతారు గనక చెబుతాను: పుస్తకంలో దీన్ని "నాసిరకం వస్తువు" అంటారు. ఆదాయం తగ్గితే కొనుగోలు పెరిగే వస్తువు అని అర్థం. నాకు నచ్చని అనువాదం ఇది. సరుకు నాసి అని కాదు అక్కడ చెబుతున్నది, మెట్టు సంగతి. మెట్లెక్కుతూ పోయేటప్పుడు వదిలేసి, దిగేటప్పుడు మళ్లీ కాలు పెట్టే మెట్టు. నలుగురు ఏసీ హోటల్లో కూర్చుని బిర్యానీ తింటే పన్నెండు వందలు. అది మానేసిన ఇల్లు ఆదివారం రాత్రి బండి దగ్గర మూడు ప్లేట్లు కొంటుంది, 210. బండివాడికి అది కొత్త గిరాకీ. ఇంటికి మాత్రం తొమ్మిదొందల తొంభై ఆదా. బయట నుంచి చూసేవాడికి కనబడేది బండి దగ్గర నిలబడ్డ మనిషి. ఆ మనిషి వదిలేసి వచ్చిన హోటలు కుర్చీ కనబడదు.

2008లో అమెరికా కుప్పకూలినప్పుడు అక్కడి షేర్‌మార్కెట్ సూచీ డౌజోన్స్‌లోని 30 కంపెనీల్లో ఆ ఏడాది షేరు ధర పెరిగినవి రెండే. ఒకటి వాల్‌మార్ట్, రెండోది మెక్‌డొనాల్డ్స్. ఇది చూపించి "మాంద్యంలో ఫాస్ట్‌ఫుడ్ పెరుగుతుంది" అని సూత్రంలా చెప్పేవాళ్లున్నారు. సూత్రం కాదు. అదే మెక్‌డొనాల్డ్స్‌కు 2024 రెండో త్రైమాసికంలో ప్రపంచవ్యాప్తంగా పాత దుకాణాల అమ్మకం 1 శాతం తగ్గింది. అంతకుముందు వరసగా ధరలు పెంచుకుంటూ పోయారు, కింది ఆదాయాల వాళ్లు ఇంటిదారి పట్టారు. జూన్ 25న 5 డాలర్ల భోజనం పెట్టి వాళ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. పై మెట్టు మీద జనం ఉన్నంత కాలం, నీ మెట్టు వాళ్లకు చౌకగా ఉన్నంత కాలం మాంద్యం నీకు గిరాకీ తెస్తుంది. నువ్వే పై మెట్టు అయిపోతే నీ దగ్గర్నుంచే దిగుతారు. బండి ప్లేటు నూట ఇరవై చేసినవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

మన దేశపు అంకె కూడా ఒకటి చెప్పి బండి దగ్గరికొస్తాను. ప్రభుత్వ కుటుంబ వినియోగ వ్యయ సర్వే 2023-24 ప్రకారం పల్లెల్లో తలకు నెల ఖర్చు 4,122 రూపాయలు. అందులో పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహారం కలిపిన పద్దు 9.84 శాతం. 1999-2000లో అదే పద్దు 4.19 శాతం. నలుగురున్న పల్లె ఇంటికి నెలకు సుమారు 1,600 రూపాయలు. ఇందులో టీ ఉంది, బిస్కెట్ ఉంది, కొనుక్కున్న భోజనం ఉంది. అన్నీ కలిపి ఫాస్ట్‌ఫుడ్ అనేయకండి.

ఇప్పుడు బండి. ఎగ్ ఫ్రైడ్‌రైస్ ఒక ప్లేటుకు: బియ్యం 6, గుడ్లు రెండు 12, నూనె 4, కూరగాయలు 3, సాసులు, మసాలా 2, గ్యాసు 3, పార్సిలు డబ్బా, కవరు 3. మొత్తం 33. డెబ్బైకి అమ్మితే ప్లేటుకు 37 మిగులుతుంది. ఇది లాభం కాదు, చాలామంది ఇక్కడే పొరపడతారు. వంటమాస్టరు కూలి రోజుకు 900, హెల్పరు 500, చోటు, కరెంటు, నీళ్ల క్యాన్లు 200. మొత్తం రోజుకు 1,600 రూపాయలు, ప్లేట్లు పోయినా పోకపోయినా కట్టాల్సిందే. 37 పెట్టి భాగిస్తే 43 చిల్లర. అంటే 44వ ప్లేటు వరకూ మీరు మాస్టరు కోసం పనిచేస్తున్నారు. నూట ఇరవై ప్లేట్లు పోతే మిగిలేది 2,840. అరవై పోతే? 620. అమ్మకం సగానికి పడితే మిగులు సగానికి కాదు, అయిదో వంతుకు పడుతుంది. కార్తీకంలో చికెన్ పడిపోవడం వేరు, అది దేవుడి మాంద్యం, దీపావళి నాడే తెలిసి ఉంటుంది. అయ్యప్ప దీక్షలు సంక్రాంతి దాకా ఉంటాయి కాబట్టి అప్పుడు గోబీ, మష్రూమ్ పెంచుకుంటే సరిపోతుంది. నెల్లూరు వైపైతే ఎడగారు (రెండో పంట) వరి కోతలు, ప్రకాశం వైపైతే పొగాకు వేలం డబ్బు, ఆ వారాల్లో ఎక్కిన అమ్మకాన్ని చూసి రెండో మాస్టర్ని పెట్టుకుని తర్వాత ఏడ్చేవాళ్లు ఎక్కువ.

అసలు ప్రమాదం అరవై ప్లేట్ల రోజుల్లో ఉంది. ఆ రోజు ఏం జరుగుతుందో వివరంగా చెప్పాలి, ఇది జనం ఆరోగ్యం సంగతి.

మొదటిది అన్నం. నూట ఇరవై ప్లేట్లకు 15 కిలోల బియ్యం వండుతారు. అరవయ్యే పోతే ఏడున్నర కిలోల బియ్యం వండిన అన్నం మిగిలిపోతుంది. పారేస్తే నాలుగొందలకు దగ్గర. అందుకే మూతపెట్టి మరుసటి రోజుకు ఉంచుతారు. "పెనం మీద ఎగరేస్తే ఏ పురుగైనా చస్తుంది" అని నమ్మకం. పురుగు చస్తుంది, విషం చావదు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా బతుకుతాయి. గది వేడిలో అన్నం గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం విడుదల చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం పెనం వేడికి విరగదు. కనుక అన్నం ముప్పాతిక పైన ఉడకగానే వార్చి, రెండు చెంచాల నూనె కలిపి, వెడల్పాటి ట్రేలో అంగుళం మందాన పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాలి. కుప్పగా గిన్నెలో ఉంచితే నడుమ వేడి గంటలైనా దిగదు. ఉంచదలిస్తే 5 డిగ్రీల కింద ఫ్రిజ్‌లో, లేదా 60 డిగ్రీల పైన వేడిగా. ఆ రెంటి నడుమ వేడి మంచిది కాదు. అంతకంటే తేలికైన దారి, ఒకేసారి 15 కిలోలు వండకుండా ఆరింటికి ఆరు కిలోలు, ఎనిమిదిన్నరకు గిరాకీ చూసి మిగతాది.

రెండోది నూనె. మంచూరియా బాండలిలో 3 లీటర్లు పడుతుంది, 420 రూపాయలు. ఆ రోజు మిగిలిందే 620. అందులో 420 పారబొయ్యమంటే చెయ్యాడదు. కొంచెం కొత్త నూనె కలిపి రేపటికి నడిపిస్తారు. పాతలో కొత్త కలిపితే పాత బాగుపడదు, కొత్తదే త్వరగా చెడుతుంది. ఆహార భద్రత సంస్థ నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులో ఉంది: నూనెలో మొత్తం ధ్రువ పదార్థాలు (మళ్లీ మళ్లీ కాగితే నూనె విరిగి పుట్టేవి) 25 శాతం మించితే వాడకూడదు. దాన్ని కొలిచే మీటరు లేనివాళ్లకు గుర్తులు చెబుతాను. గోబీ వెయ్యగానే నురగ అంచుల దాకా లేచి తగ్గకపోతే, మామూలు మంట మీదే పొగొస్తుంటే, చల్లారాక వేళ్ల మధ్య జిగురుగా సాగితే దాని పని అయిపోయింది. అంతదాకా రాకుండా ఏం చెయ్యాలి? గిరాకీ లేని రోజు వెడల్పు బాండలి తీసేసి సన్నని మూతి, లోతున్నది పెట్టండి, లీటరున్నరతో పని జరుగుతుంది. గాలి తగిలే వెడల్పు తగ్గితే నూనె నిలుస్తుంది. నూనెను ముందుగా పాడుచేసేవి అడుగున మాడే మైదా, కార్న్‌ఫ్లోర్ తునకలు. ప్రతి వాయికీ జల్లెడ గరిటెతో తియ్యాలి. వేడి 170–180 డిగ్రీల మధ్య చాలు. రాత్రి చల్లారాక బట్టలో వడకట్టాలి. వాడిన నూనె బయోడీజిల్‌కు కొనేవాళ్లున్నారు, కాలవలో పొయ్యకండి. రంగు విషయం ఒక్క ముక్క: కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది. ఎరుపు కావాలంటే కాశ్మీరీ మిరపపొడి ఉంది.

మూడోది అప్పు. ఇక్కడ కొనేవాడూ అమ్మేవాడూ ఒకటైపోతారు చూడండి. డైలీ ఫైనాన్స్ వాడు పదివేలని రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. రోజుకు వంద, వంద రోజులు. వడ్డీ వెయ్యే గదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరుగుతూ ఉంటుంది గనక ఏడాది లెక్కకు తెస్తే అది 77 శాతం దాకా పోతుంది. బండివాడు ఎందుకు తీసుకుంటాడు? రోజుకు వందే గనక! డెబ్బై రూపాయల ప్లేటు కొనే మనిషి బుద్ధీ, వంద రూపాయల వాయిదా కట్టే మనిషి బుద్ధీ ఒకటే. ఇద్దరూ ఒక్కసారిగా చెయ్యి దాటే మొత్తాన్నే చూస్తారు. వీధి వ్యాపారులకు బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం పీఎం స్వనిధిలో తొలి విడత రుణం 2025లో 10 వేల నుంచి 15 వేలకు పెంచారు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. అయినా వాయిదా తప్పేవాళ్లున్నారంటే అది నెలవారీ కావడం వల్ల. నెలకోసారి పదమూడు, పద్నాలుగు వందలు ఒక్కసారిగా తియ్యాలి. రోజూ రాత్రి బండి కట్టేటప్పుడు యాభై వేరే డబ్బాలో వేసుకుంటే నెలకు పదిహేను వందలు. బ్యాంకు అప్పును మీరే డైలీ చేసుకున్నట్టు.

తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై వైపు 464 మంది చెరకు రైతులకు కోత డబ్బు రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తెలివి పరీక్షలు పెట్టారు, 2013లో ప్రచురించారు. మనిషి అదే, డబ్బు రాకముందు మార్కులు తక్కువొచ్చాయి. తెలివి తగ్గిందని కాదు, బుర్రలో సగం జాగా అప్పు ఆక్రమించింది. రాత్రి ఏడున్నరకు "ఏం వండాలి" అన్న ప్రశ్న అట్లాంటి బుర్రలోకే వస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక విద్యార్థిని): సార్, లిప్‌స్టిక్ ఎఫెక్ట్ అంటారు గదా, మాంద్యంలో చిన్న విలాసాలు పెరుగుతాయని. ఇది కూడా అదేనా?

చుట్టరికం ఉందమ్మా. 2001లో ఎస్టీ లాడర్ కంపెనీ ఛైర్మన్ లెనర్డ్ లాడర్ ఆ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. కానీ అన్ని మాంద్యాల్లో లిప్‌స్టిక్ అమ్మకాలు పెరిగిన దాఖలా లేదు. పైగా లిప్‌స్టిక్ లేకపోయినా రాత్రి గడుస్తుంది. బండి ప్లేటు అట్లా కాదు, అది భోజనం. విలాసమూ అవసరమూ ఒకే డబ్బాలో కట్టి ఇస్తున్నాడు బండివాడు. ఎంతపాళ్లు ఏదో తేల్చాలంటే ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో అడగాలి. మీ ప్రాజెక్టులో ఆ ప్రశ్న పెట్టు, "నెలకు ఎన్నిసార్లు బయట తింటారు" అని అడిగితే ఏమీ తెలియదు.

ప్రశ్న (బండి నడిపే ఒకాయన): గుడ్డు ధర ఎక్కింది సార్. రేటు పెంచమంటారా, ఒక గుడ్డు తగ్గించమంటారా?

గుడ్డుకు ఇందాకటి ఆరు రూపాయలే పెట్టుకుని లెక్క వేద్దాం అన్నా. ఇప్పుడు 120 ప్లేట్ల మీద మీకొచ్చేది 37 చొప్పున 4,440. ప్లేటు 80 చేస్తే మిగులు 47. అదే 4,440 రావాలంటే 95 ప్లేట్లు చాలు. అంటే పాతిక మంది పోయినా నష్టం లేదు. గుడ్డు తీసేస్తే మిగులు 43, దానికి 104 ప్లేట్లు కావాలి. పదహారు మంది పోతే సరికి సరి. గుడ్డు తగ్గిన సంగతి మొదటి ముద్దలోనే తెలుస్తుంది, చెప్పకుండా పోతారు. ధర పెరిగిన సంగతి బోర్డు మీద తెలుస్తుంది, గొణుక్కుంటూ తింటారు. అందుకని నేనైతే రెండు గుడ్లతో 80 చేస్తాను. ఎనభై లేనివాడి కోసం ఒక గుడ్డుతో 50కి హాఫ్ పెడతాను, వాడి చేతిలో ఉండేది యాభై నోటు గనక.

హాఫ్‌తో ఒక చిక్కుంది, అది కూడా వినండి. సరుకు ఖర్చు 22 దాకా పడుతుంది, మిగులు 28. గ్యాసు సగం కాదు, మాస్టరు శ్రమ సగం కాదు, పెనం మీద మూడు నిమిషాలు ఫుల్‌కీ అంతే, హాఫ్‌కీ అంతే. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, రద్దీ వేళ, ఒక్కో హాఫ్ విడిగా వేస్తే వెనక ఫుల్ ప్లేటు వాడు చూసి చూసి పక్క బండికి పోతాడు. ఆ గంటన్నర రెండు హాఫ్‌లు కలిసే దాకా ఆపి ఒకే వాయిలో వెయ్యమని మాస్టరుకు చెప్పండి. కారం ఎక్కువ అడిగినవాడికి విడిగా పైన చల్లి ఇవ్వచ్చు.